చింతపండుతో పోయిన కారు నంబర్లు

మా ఆయన హైదరాబాద్ నుంచి ఒక పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చారు. కారంటే కారు కాదు, పదకొండు గోనెసంచుల నిండా విప్పేసిన ముక్కలు. నెల రోజులుగా రాయచూరులో మా ముందు గదంతా అవే. ఆయన కారు పుస్తకం చూసుకుంటూ ఒక్కో ముక్క మీద సుద్దతో నంబరు వేశారు. ఆదివారం కార్లు బాగుచేసే మేస్త్రి వచ్చి ఆ నంబర్ల ప్రకారమే బిగించాలి.

ఈ రోజు శుక్రవారం. ఆయన పనిమీద మాన్వికి వెళ్లగానే అత్తమ్మ ఆ ముక్కలు తోమడానికి చింతపండు నానబెట్టారు. ఇంటికొచ్చిన బండికి ఇంకా పూజ కాలేదని ఆమె బెంగ. నంబర్లు పోతాయని చెబుదామనుకున్నాను కానీ, అత్తమ్మకు ఎదురు చెప్పలేక నేనూ పీచు అందుకున్నాను. ఇద్దరం మధ్యాహ్నం దాకా తోమి, ప్రతి ముక్కకూ కుంకుమ బొట్టు పెట్టాము.

సాయంత్రం ఆయన గడప దగ్గరే నిలబడిపోయారు.

"నంబర్లేవే?"

అత్తమ్మే జవాబిచ్చారు.

"ఏంది నీ లొల్లి? బండొచ్చి నెలాయె, ఒక్క బొట్టన్న పెట్టినవా? గిప్పుడు సూడు, ఎట్ల మెరుస్తున్నయో."

"మెరిస్తే అయితదా అమ్మా? ఏది యాడ బిగించాలె?"

"మేస్త్రికి తెల్వదా? తెల్వకుంటే గాయన మేస్త్రి ఎట్లాయె?"

ఆయన కోపమంతా నా మీదే. ఇప్పుడు మళ్లీ ఒకటో నంబరు నుంచి రాస్తున్నారు, ముక్కలు అందించేది నేను. నంబర్లు వేయడానికి చింతపండుకు పోని రంగు ఏదైనా ఉంటే మీరైనా చెప్పండి. రేపు ఇంజను ముక్కలు మళ్లీ తోమాలంటున్నారు అత్తమ్మ.