క్లచ్ లేని బండి

మా ఇంటి ముందు జీపు ఉండేది, నాకు ఎడమ కాలు ఉండేది కాదు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తారుమారైనా ఇంత బాధ ఉండేది కాదని ఆ రోజుల్లో అనుకునేవాణ్ణి.

పద్దెనిమిదేళ్ళు తొర్రూరు నుంచి మహబూబాబాదుకు జీపు నడిపాను. లోపల పది మంది, వెనక వేలాడుతూ ఇంకో ఐదారుగురు, పైన మూటలు, కోళ్ళ గంపలు. ఒక వానాకాలం సాయంత్రం రోడ్డు పక్కన టైరు మారుస్తుంటే వెనక నుంచి వచ్చిన లారీ నన్నూ జీపునూ కలిపి గుద్దింది. జీపును నెలలో బాగుచేశారు. నన్ను వరంగల్ దవాఖానలో మోకాలి కింద కోసి, కొన్నాళ్ళకు రబ్బరు కాలు కట్టి పంపారు.

ఆ కాలితో నడవొచ్చు, మెట్లు ఎక్కొచ్చు. క్లచ్ మాత్రం తొక్కలేము. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో, ఎక్కడ వదులుతుందో పాదానికే తెలుస్తుంది, కంటికి తెలియదు. రబ్బరుకు ఏం తెలుస్తుంది? రెండుసార్లు పంతం పట్టి ఎక్కాను. మొదటిసారి మా గోడ కూలింది, రెండోసారి పక్కింటి వాళ్ళది కూలింది.

జీపుకు జీతం డ్రైవర్‌ను పెట్టాము. దాని మీద వచ్చేదే మాకు తిండి. నేను పక్క సీట్లో కూర్చుని వెళ్ళేవాణ్ణి. అతను గేరు మార్చినప్పుడల్లా నా లేని కాలు కిందికి నొక్కేది. అతను ఒక్క క్షణం ఆలస్యంగా నొక్కితే నాకు ఒళ్ళు మండిపోయేది, నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. మూడేళ్ళలో నలుగురు డ్రైవర్లు మారారు. అయిదోవాడు నా కంటే మొండివాడు కాబట్టి నిలిచాడు.

అప్పుడు తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీద ఉంది. వారంలో ఒక రోజైనా బందు. జీపు నంబరు పలక మీద ఏపీ చెరిపేసి టీజీ అని నేనే దగ్గర నిలబడి రాయించాను. సభ ఎక్కడున్నా ఊతకట్టెతో పోయి ముందు వరసలో కూర్చునేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు అరవడానికి ఒక చోటు కావాలి. రాష్ట్రం రాకపోతే అరవొచ్చు గానీ, కాలు రాకపోతే ఎవరి మీద అరుస్తాము?

ఆ రోజుల్లోనే భూపాలపల్లి నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ఈడ గనుల్ల ఒక ఇంజనీరు సారు కారు అమ్ముతుండు. చిన్న కారు, డీజిల్ బండి. దానికి క్లచ్ లేదు. గేర్లు అదే మార్చుకుంటదట. కుడి కాలు ఒక్కటుంటే సాలు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలాంటి బండి ఉంటుందని విన్నాను గానీ మా వైపు ఎవరి దగ్గరా చూడలేదు. దాన్ని ఎవరో విదేశం నుంచి తెప్పించుకుంటే ఈయన పాతదిగా కొన్నాడట. ఇప్పుడు బదిలీ అయి వెళ్ళిపోతూ అమ్మేస్తున్నాడు. అప్పటికే రెండు లక్షల కిలోమీటర్లు దాటి తిరిగింది.

చిక్కల్లా ఒక్కటే. కారు కొనాలంటే జీపు అమ్మాలి.

"జీపు అమ్మి గా కారు కొంటవా? గండ్ల ఎంతమంది పడ్తరు?" అని అడిగింది నా భార్య.

"నలుగురు. దవాఖానకు పోయెటోళ్ళను వరంగల్ తీస్కపోత."

"దినాం ఎవలకు రోగమొస్తది నీ కోసం? ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టున్నది నీ యవ్వారం. జీపు మనకు అన్నం పెడుతున్నది. కారు ఏం పెడ్తది?"

"నాకు పని పెడ్తది" అన్నాను. ఆమె చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. చివరికి, "ఇంటికి తీస్కరా. నేను కూసొని చూసినంక చెప్త" అంది.

బావమరిదితో కలిసి వెళ్ళాను. ఇంజనీరు కోస్తా వైపు మనిషి, యాభై దాటినవాడు, మెత్తగా మాట్లాడతాడు. నా కాలు చూశాడు గానీ ఏమీ అడగలేదు. బయానా కింద కొంత ఇచ్చి, జనగామలో నాకు తెలిసిన మెకానిక్‌కు చూపించుకుని, ఇంట్లో చూపించి రెండు రోజుల్లో తెస్తానని చెప్పాను. సరేనన్నాడు. కాగితం రాయించుకోలేదు, లైసెన్సు చూపించమనలేదు. చూపించినా అది నాకు రెండు కాళ్ళున్నప్పటిది.

తాళం చేతికిస్తూ, "ఒక్క మాటండీ. దారిలో ఎక్కడైనా ఆగిపోతే మాత్రం..." అని మొదలుపెట్టాడు.

ఎందుకో ఆ 'అండీ' వినగానే నాకు సర్రుమంది. సినిమాల్లో మా మాటను వెక్కిరించే గొంతులన్నీ ఆయన గొంతులో వినిపించాయి.

"సార్, పద్దెనిమిదేండ్లు బండి నడిపిన. ఆగితే ఏం జెయ్యాల్నో మాకెరుకే. మీరు చెప్తె మేం నేర్చుకునే రోజులు పోయినయి."

బావమరిది నా మోచెయ్యి నొక్కాడు. ఇంజనీరు ముఖం చిన్నబోయింది. "అలాగేనండీ" అని తాళం ఇచ్చి లోపలికి వెళ్ళిపోయాడు.

బావమరిది డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేనొక్కణ్ణే బండి ఎక్కాను. రెండే పెడళ్ళు. ఎడమ పక్క ఖాళీగా, నా లాగే ఉంది. గేరు మీట వెనక్కి లాగి బ్రేకు వదిలాను. బండి దానంతట అదే కదిలింది. పరకాల దాటేదాకా నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. రోడ్డు మసకగా కనబడుతుంటే, మళ్ళీ ఏ గోడనైనా గుద్దుతానేమోనని ఒకచోట ఆపి ముఖం తుడుచుకున్నాను. మూడేళ్ళలో మొదటిసారి నేను ఎవరినీ తిట్టకుండా వంద కిలోమీటర్లు ప్రయాణం చేశాను.

జనగామ మెకానిక్ ముసలాయన. మేమంతా చాచా అని పిలుస్తాము. స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద పెట్టి, పిడికి చెవి ఆనించి వింటాడు. అలా విని చెప్పాడంటే తిరుగు లేదు. చాలాసేపు విన్నాడు.

"ఇంజన్ బంగారం బేటా. రెండు లక్షలు దిరిగినా గుర్రం లెక్క ఉన్నది."

"గేర్‌బాక్స్?"

"గిది నాకు సమజ్ కాదు. నా ఉమర్‌ల గిసొంటిది ఒక్కటి గూడ విప్పలే. ఖరాబైతే హైదరాబాదుకే పోవాలె, గాడ గూడ పరేషానే. నన్నడిగితే వద్దంట. నీ కాలునడిగితే తీస్కొమ్మంటది. ఇగ నీ ఇష్టం."

మనిషికి ఏది కావాలో అదే వినబడుతుంది. నాకు 'బంగారం' అన్నది ఒక్కటే వినబడింది. జనగామ ఊరు దాటేలోపే, నా భార్య ఏమన్నా సరే జీపు అమ్మెయ్యాలని తీర్మానించుకున్నాను.

పాలకుర్తి ఇంకా రాకముందే రోడ్డుకు అడ్డంగా రాళ్ళు, నిప్పు మీద గుండిగలు కనబడ్డాయి. మధ్యాహ్నం నుంచి బందు పిలుపట. రాస్తారోకో చేస్తున్నవాళ్ళు రోడ్డు మీదే వంట చేసి అందరికీ పెడుతున్నారు. నాకూ విస్తరి వేశారు. అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు. తిన్నాను. నినాదాలు ఇచ్చాను. ఎండ మండిపోతుంటే కారులో చల్లటి గాలి పెట్టి ముసలవ్వలను పిలిచి కూర్చోబెట్టాను. ఒకరి తర్వాత ఒకరు ఎక్కి కాసేపు కూర్చుని దిగుతున్నారు.

"ఎవలి బండి బిడ్డా?" అని అడిగింది ఒక అవ్వ.

"నాదే అవ్వా" అన్నాను.

ఆ మాట బాగుంది. ఇంకో ఇద్దరు అడిగితే బాగుండుననిపించింది. డీజిల్ ముల్లు కిందికి పోతున్నది చూశాను. బంకులన్నీ మూసి ఉన్నాయనీ తెలుసు. అయినా ఇంజన్ ఆపలేదు. మూడేళ్ళు ఆగి ఉన్నవాడికి ఆపడం అంత సులువు కాదు.

పొద్దు వాలుతుండగా ఇంజన్ రెండు సార్లు దగ్గి ఆగిపోయింది.

ఎవరో పొలం మోటారు కోసం దాచుకున్న డీజిల్ డబ్బాలో తెచ్చి పోశారు. డీజిల్ బండి ఒకసారి పూర్తిగా ఎండితే పైపుల్లో గాలి పట్టుకుంటుంది. అది తీస్తే గానీ లేవదు, తీయడానికి నట్లు విప్పే పానాలు నా దగ్గర లేవు. తాళం తిప్పీ తిప్పీ బ్యాటరీ కూడా చచ్చింది. పది మంది వెనక చేరి దొబ్బారు. మా వైపు ఏ బండి ఆగినా అదే వైద్యం. ఎంత దొబ్బినా ఉలుకు లేదు, పలుకు లేదు. క్లచ్ లేని బండి దొబ్బితే లేవదని నాకు అప్పుడే తెలిసింది.

అక్కడైనా ఆగి ఉండాల్సింది. ఈ బండికి మనకు తెలియని పద్ధతులున్నాయని బుర్రకు తట్టి ఉండాల్సింది. నిజానికి తట్టింది. ఇంజనీరుకు ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి కూడా పెట్టాను. పొద్దున ఆయనతో అన్న మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీశాను.

పక్క తండా నుంచి వచ్చిన ఒకాయన తన ట్రాక్టర్ తెచ్చాడు. "తొర్రూరు దాంక గుంజుకపోత అన్నా, రందివెట్టుకోకు" అన్నాడు. తాడు నేనే కట్టాను. నా ముడి జారదని ఆ రోడ్డు మీద అందరికీ తెలుసు. ముందు మీట డీలో, అంటే ముందుకు నడిచే గేరులో పెట్టి కొంతదూరం గుంజితే లేస్తుందేమోనని చూశాము. లేవలేదు. తర్వాత న్యూట్రల్‌లో పెట్టుకుని తొర్రూరు దాకా పాతిక కిలోమీటర్ల పైనే లాక్కొచ్చాము. స్టీరింగు బండరాయిలా ఉన్నా నేను ఒక్కసారి కూడా తాడు బిర్రు తప్పనివ్వలేదు. బాగా నడిపానని లోపల్లోపల సంతోషపడ్డాను కూడా.

ఇంటి ముందు తాడు విప్పి, డబ్బులు ఇవ్వబోతే ట్రాక్టరాయన తీసుకోలేదు. "జై తెలంగాణ అను అన్నా, సాలు" అన్నాడు. గట్టిగా అన్నాను.

మర్నాడు పొద్దున పక్క వీధి మెకానిక్ వచ్చి పైపుల్లో గాలి తీసి, బ్యాటరీ మార్చాడు. ఇంజన్ ఒక్క తిప్పుకే లేచింది. నా భార్య దీపావళికి కొన్న చీర కట్టుకుని వచ్చింది. ఎంత దెప్పినా ఆమె మనసులో ఏముందో నాకు ఆ చీరతో తెలిసింది. పక్కన కూర్చుని తలుపు వేసుకుంది.

"సరే, పోనియ్" అంది.

మీట డీలో పెట్టి బ్రేకు వదిలాను. బండి కదలలేదు. ఎక్స్‌లరేటర్ తొక్కాను. ఇంజన్ అరిచింది, బండి అక్కడే ఉంది. వెనక్కి వేశాను, మళ్ళీ ముందుకు వేశాను. కింద నుంచి మాడిన వాసన వచ్చింది. ఆమె రోడ్డు వెళ్తున్నట్టే ముందుకు చూస్తూ కూర్చుంది.

ఫోన్ చేసి బండి కదలడం లేదని మాత్రం చెప్పాను. రెండో రోజు ఇంజనీరు మూడు బస్సులు మారి వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. ముందు బంపరు కింద తాడు ఒరుసుకున్న చోట వేలితో రాసి చూశాడు.

"లాక్కొచ్చారా?"

"ట్రాక్టర్‌తోని" అన్నాను.

"ఎంత దూరం?"

చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంతలో నా భార్య చాయ్ తెచ్చింది. ఆయన నాతో కాక ఆమెతో అన్నాడు.

"ఇంజన్ ఆపి ఈ బండిని చక్రాల మీద లాక్కెళ్ళకూడదమ్మా. లోపల నూనె తిరగదు, గేర్‌బాక్స్ కాలిపోతుంది. ఆ మాట నేను ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే."

నేను ఆయన కళ్ళలోకి చూశాను. వెక్కిరింపు ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది, మీద పడి అరిచేవాణ్ణి. ఏమీ లేదు. ఇంటి ఆడమనిషి ముందు నా పరువు కాపాడుతున్నాడు, అంతే.

నోరు తెరిస్తే చాలు. మీరు చెప్పబోయారు సార్, నేనే చెప్పనివ్వలేదు. ఇంత చిన్న మాట. ఊళ్ళన్నీ తిరిగి న్యాయం, న్యాయం అని గొంతు చించుకున్నవాణ్ణి, మా వాకిట్లో నా గొంతు లేవలేదు. మాట అంటే బండి నా మెడకు పడుతుంది. కదలని బండి కోసం కదిలే జీపును అమ్మాలి. అది ఒక భయం. సిగ్గు అంతకంటే పెద్దది.

ఆయన బయానా తీసి అరుగు మీద పెట్టాడు. నేను తీసుకోలేదు, వద్దనీ అనలేదు. సాయంత్రానికి ఒక డీసీఎం లారీ మాట్లాడుకుని బండిని ఎక్కించుకున్నాడు. డీసీఎం ముందు సీట్లో కూర్చుని పోతూ నాకు నమస్కారం పెట్టాడు. తర్వాత ఆ కారు ఏమైందో తెలియదు. ఆయన ఏ ఊరికి బదిలీ అయ్యాడో బావమరిదిని నేను అడగలేదు.

రాష్ట్రం వచ్చింది. మా జీపు పలక మీద అక్షరాలు మళ్ళీ మార్చి టీఎస్ అని రాయించాము. నేను ఇంకా పక్క సీట్లోనే కూర్చుని పోతున్నాను. డ్రైవర్‌ను తిట్టడం మానేశాను. అతను గేరు ఆలస్యంగా మార్చినా కిటికీ వైపు చూస్తాను. పెద్దమనిషినయ్యానని మా ఇంట్లో అనుకుంటున్నారు.

డీసీఎం వెళ్ళిపోయిన సాయంత్రం నా భార్య దీపావళి చీర మడతపెడుతూ ఒకే ఒక్కసారి అడిగింది.

"ఆ సారు నీకు నిజంగనే చెప్పలేదా?"

"చెప్పలే" అన్నాను.

ఆమె నమ్మింది. "గట్ల చెప్పకపాయె, మంచోడే గని" అని చీరను పెట్టెలో పెట్టింది.