ఆయనకు వినపడని కూత

ఒక కోడి కోసం మిషిగన్ నుంచి మిస్సోరీ దాకా కారు నడుపుకుంటూ వెళ్ళే మనిషికి భార్యనవుతానని నేను కలలో కూడా అనుకోలేదు. మా పుట్టింట్లో కోడి కావాలంటే పెరట్లోకి వెళ్ళి గంప ఎత్తితే చాలు. ఈయనకు మాత్రం అడవి టర్కీ కోడిపుంజే కావాలి, అదీ వసంతంలో పెట్టల కోసం అది కూసే రోజుల్లోనే కావాలి. ఏటా తనతో పనిచేసే ఇద్దరు అమెరికన్లతో కలిసి వెళ్ళేవారు. ఆ ఏడు వాళ్ళు పిలవలేదు.

ఎందుకు పిలవలేదో మా ఇద్దరికీ తెలుసు. ఆయన చెవులు పోతున్నాయి. డెబ్బైల చివర్లో మిషిగన్‌లోని ట్రాయ్‌లో కాపురం పెట్టినప్పటి నుంచీ ఆయనది కారు తలుపులు అచ్చొత్తే పెద్ద ప్రెస్సుల మధ్య పని. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన బిరడాలు జేబులోనే ఉండేవి. అచ్చు సరిగ్గా కూర్చుందో లేదో చప్పుడును బట్టే తెలుస్తుంది, చెవులు మూసుకుంటే పనెలా అవుతుందని ఆయన వాదన. ఆ చప్పుడే చివరికి చెవులను తినేసింది. అరిచి చెబితే వినపడేది, మామూలు మాట సగం జారిపోయేది. నేను ఊఁ కొడుతూనే ఉన్నా "వింటున్నావా?" అని విసుక్కునేవారు. చివరికి ఊఁ కొట్టడం మానేసి, గంగిరెద్దులా తల ఊపడం అలవాటు చేసుకున్నాను.

చెవులు వినపడని మనిషి తుపాకీ పట్టుకుంటే పక్కన కూర్చోవడానికి ఎవరికైనా భయమే. వాళ్ళది తప్పని నేను అనను. కానీ ఆయన ముఖం చూడలేకపోయాను. వారమంతా ప్రెస్సుల మోత పడ్డ చెవులకు తెల్లవారుజాము అడవి ఒక్కటే మందు అనేవారు. ఆ మందూ పోతోంది.

"ఈ ఒక్కసారి నువ్వు రావే," అన్నారు ఒకరోజు అన్నం తింటూ. "నువ్వు విని చెప్పు, నేను షూట్ చేస్తాను. ఇదీ కుదరకపోతే గన్ ఎవరికైనా ఇచ్చేస్తాను. ఇంక దాని ఊసెత్తను."

టర్కీ వేటకు మిషిగన్‌లో తీసే పర్మిట్ల లాటరీలో ఆయన పేరు రాలేదు. మిస్సోరీకి వెళ్దామంటే ఫ్యాక్టరీలో సెలవు దొరికేసరికి అక్కడ సీజన్ ముగింపుకొచ్చింది. ఆదివారం తెలుగు ఆరాధనకు రాలేమని ఫోన్ చేస్తే, చర్చిలో పెద్దావిడ "ఎక్కడికమ్మా, నయాగరాకా?" అని ముచ్చటగా అడిగింది. అవునన్నాను. కోడి కోసమని ఆవిడకు ఎలా చెప్పను?

దారి పొడుగునా వానే. మోటెల్ గదిలో ముక్కిన వాసన. సీజన్ చివర అడవి ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఆకు దట్టంగా కమ్మేసి పది బారల అవతల ఏముందో కనపడదు. కాళ్ళ మీదకు పిడుదులు పాకుతాయి. అప్పటికి పెట్టలు పొదుగుడుకు పోతాయి, బతికిన పుంజులు తుపాకీ మోత విని విని దాదాపు మూగబోతాయి. రోజుకొక్కసారి కూస్తే గొప్ప. ఆ ఒక్క కూతా నేను పట్టుకోవాలి.

ఆకుల్లో కలిసిపోయే ఆయన పాత మచ్చల చొక్కా నేను తొడుక్కుని, చెట్టుకు వీపు ఆనించి, ఆయన పక్కనే కూర్చున్నాను. కూత నా వైపు వినిపిస్తే ఆయన చొక్కా చెయ్యి నా వైపు లాగాలి, అటైతే నెట్టాలి. నోరు మెదపకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా తల ఊపకూడదు, టర్కీ కళ్ళకు ఆ కదలిక చాలునట. ఊఁ వినపడదు, తల ఊపితే కుదరదు. ఇక ఆయనకు నేనున్నట్టు తెలిసేదెలా అని అప్పుడే అనిపించింది.

మొదటి రెండు పొద్దులూ వట్టివే. చివరి రోజు వాన వెలిసింది. పెట్ట గొంతు పలికించే చిన్న చెక్కపెట్టె ఒకటి ఉండేది, మూతను అంచు మీద రాస్తే కుయ్యిమంటుంది. తనకు వినపడక ఆయన దాన్ని గట్టిగా రాసేవారు. చెయ్యి నొక్కి తగ్గించాను. రెండోసారి మెత్తగా రాశారు. దూరంగా, వాగు అవతల, పుక్కిలించిన నీళ్ళు దొర్లినట్టు ఒక కూత. అంతమంది మగవాళ్ళు ఎందుకు పిచ్చివాళ్ళవుతారో ఆ క్షణంలో అర్థమైంది.

చొక్కా లాగాను. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. తుపాకీ మోకాలి మీదకు ఎత్తుకుని కదలకుండా కూర్చున్నారు.

తర్వాత అది కూయలేదు. చాలాసేపటికి నా వైపు పొదల సందులోంచి ఎర్రటి మెడ, తెల్లటి నడినెత్తి కనిపించాయి. ఆయనకు ఇంకా కనపడటం లేదు. ఇంకో నాలుగడుగులు వేస్తే ఎదుటికే వస్తుంది. నేను ఊపిరి బిగబట్టాను. కూత లేదు గనక చొక్కా లాగలేదు. ఆయనకు మాత్రం అంతసేపు నా నుంచి ఏ అలికిడీ లేదు.

"వింటున్నావా? ఊఁ అనవే!"

గుసగుసలాడాననే అనుకున్నారు. అడవంతా వినపడింది. ఎర్ర మెడ ఒక్కసారి నిక్కి మాయమైంది.

ఒంటిగంట తర్వాత వేటాడకూడదని ఆ రాష్ట్రం రూలు. అప్పటిదాకా కూర్చుని, లేచి, తుపాకీలోంచి తూటాలు తీసి జేబులో వేసుకున్నారు.

"నిద్రపోయావనుకున్నాను," అన్నారు. "మెల్లిగానే అన్నాను కదా?"

తల ఊపాను. కారు దాకా నడుస్తూ ఆయన వెనక ఏడ్చాను. దానివల్ల ఆయనకేం ఇబ్బంది లేదు, వినపడదు.

ఇలినాయ్ మీదుగా ఇంటికి బయల్దేరాం. చేలన్నీ నీళ్ళు నిలిచి బురదగా ఉన్నాయి. ఉన్నట్టుండి, "అది ఎలా కూసిందే? ఒకసారి కూసి చూపించు," అన్నారు.

సిగ్గు విడిచి కూశాను. "ఇంకా గట్టిగా," అన్నారు. గొంతు చిరిగేలా కూశాను. పక్క లారీవాడు తిరిగి చూశాడు. ఆయన నవ్వారు, ఆ ప్రయాణం మొత్తంలో అదొక్కటే నవ్వు.

"అది నీ గొంతే," అన్నారు కాసేపటికి. "దాని గొంతు గుర్తు రావట్లేదు. ఎంత ట్రై చేసినా రావట్లేదు."

ఆయన కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. ఎన్నేళ్ళకో పాత అలవాటుగా ఊఁ అన్నాను.

కొంత దూరం పోయాక, "వింటున్నావా?" అన్నారు.