గుల్ల కప్పు, ఇనుప గోళం

మొగిలి చెవి గురించి గోదావరిఖనిల తెల్వనోళ్లు లేరు. బొగ్గుబాయి లోపలి కప్పును సబ్బలతోటి, గదే గడ్డపారతోటి తట్టి, గట్టిదో ఊడిపడేదో ఇట్టే చెప్పేటోడు. "గుల్లగుంది, జరుగుండ్రి" అంటే జరిగి బతికినోళ్లు బోలెడుమంది. గసొంటి చెవులు, ఓనాడు బొగ్గు పేల్చే మందు దగ్గర్లనే పేలి పాడైనయ్. దేవునికి కండ్లు లేవని ఊకెనే అనరు.

ఇంటికొచ్చి గోడ తట్టిండు, వంట గంజు తట్టిండు, బట్టల సందుక తట్టిండు. అన్నీ ఒక్కతీరుగనే వినపడ్డయ్. "నా తలకాయొక్కటి మిగిలింది, అదీ తట్టు" అన్నది పెండ్లాం సమ్మవ్వ. ఆయన నవ్వలే. సోమవారం బాయిల పని సూసే సర్దార్ పరీక్ష పెడ్తనన్నడు. తప్పితే బాయి దిగనియ్యరు, పైనే పని. ఆయన ఫికర్ పని గురించి కాదు. బామ్మర్ది పోశం రోజూ ఆ కప్పు కిందనే నిలబడుతడు.

పొద్దుగూకంగ, బాయి దిగేటోళ్లకు దీపాలిచ్చే లాంపురూముల పనిచేసే దోస్తు రహమతుల్లా వచ్చిండు. ఉర్దూ పేపర్ సదివి దునియా ముచ్చట్లన్నీ మోసుకొస్తడాయన. మొగిలి చెవికాడ నోరు పెట్టి గట్టిగ చెప్పిండు: "మొగిలన్నా, అంగారకునికీ గురునికీ నడుమ పెద్ద పెద్ద రాళ్లు తిరుగుతున్నయట. అండ్ల ఒకటి శానా మటుకు ఇనుమేనేమో అంటున్నరు."

"తడితే గంట లెక్క మోగుతదేమో."

"యాడ మోగుతది? అక్కడ గాలే లేదు. గాలి లేంది సప్పుడు రాదు. అక్కడ నీ చెవైనా నా చెవైనా ఒక్కటే."

"మరి గుల్లనో గట్టిదో ఎట్ల తెలుస్తది?"

రహమతుల్లా గడ్డం గోక్కున్నడు. "చెయ్యి పెట్టి సూడాలె గావచ్చు. అదురు తెలుస్తది గద."

తింటున్న బుక్క ఆడనే ఇడిచి లేచిండు మొగిలి. సందుక మీద ఒక చెయ్యి పెట్టి, రెండో చేత్తోని తట్టిండు. గోడకాడ గూడ గట్లనే చేసిండు. గుల్ల సందుక వణికింది, గట్టి గోడ వణకలే. పానం లేచొచ్చింది ఆయనకు.

సోమవారం బాయి మూతికాడ మైసమ్మకు మొక్కి దిగిండు. ఎన్కనే సర్దార్. మొగిలి కప్పుకు అరచెయ్యి ఆనిచ్చి, పక్కన సబ్బలతోటి తట్టుకుంట పోయిండు. చెయ్యి సల్లగ, నిమ్మళంగ ఉంది. పోశం నిలబడ్డ కాడికి రాంగనే కప్పు అదిరి అరచెయ్యి జలదరించింది.

"పోశం, జరుగు."

పోశం జరిగిండు. సర్దార్ సబ్బల అందుకొని కప్పును పొడిచి లాగితే, మంచమంత రాతిపలక పోశం నిలబడ్డ కాడనే పడ్డది.

సర్దార్ సబ్బల తిరిగి మొగిలికే ఇచ్చిండు. పోశం బావ చెయ్యి గుంజుకొని తన రొమ్ము మీద పెట్టుకున్నడు. గుండె దడదడ కొట్టుకుంటున్నది.

"గట్టిగనే ఉన్నవ్ రా" అన్నడు మొగిలి.