మందు రోజు సెలవు

అరటితోటలో విమానానికి జెండా చూపడం కూడా ఒక ఉద్యోగమేనని ఆమెకు పెళ్ళయ్యాకే తెలిసింది. చెట్ల వరస చివర మనిషి తెల్లజెండా ఎత్తి నిలబడాలి. విమానం ఆ గుర్తు మీదికే వచ్చి, మందు చల్లుకుంటూ పోతుంది. అది నెత్తి మీదుగా దాటాక అతను నాలుగు వరసలు పక్కకి జరిగి మళ్ళీ జెండా ఎత్తాలి. తలకి టోపీ, మూతికి చేతిరుమాలు. అంతకుమించి రక్షణ లేదు.

"మా ఆయన ఆకాశానికి కండక్టరు. రైట్ రైట్ అనడమొక్కటే తక్కువ," అని కొత్తలో తోటికోడలితో చెప్పి నవ్వేది.

అతని బట్టలు ఉతికేటప్పుడు మాత్రం నవ్వు వచ్చేది కాదు. మందు చల్లే ప్రతి గురువారం సాయంత్రం చొక్కా నూనెలో ముంచి తీసినట్టు జిడ్డోడుతూ ఉండేది. ఆ నీళ్ళు పారబోసిన చోట గడ్డి మాడిపోయింది. ఆమె గోళ్ళ చుట్టూ చర్మం పొరలుగా ఊడింది. తోట పక్క కాలవలో చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. ఎండకి చచ్చాయన్నాడు మేస్త్రి.

"నీళ్ళలో ఉన్న చేపకి వడదెబ్బేంటన్నా?"

"నీకెందుకమ్మా అదంతా? కూర వండుకోకు, అంతే."

ఇంత మందూ మచ్చ కోసమే. ఆకుకి మచ్చతెగులు తగిలితే గెల బక్కచిక్కిపోతుంది, కాయ ఓడలోనే పండిపోతుంది. సముద్రం అవతలి దుకాణాల్లో గోటి గీతంత మచ్చున్న పండును ముట్టుకోరట. అక్కడి పండుకి మచ్చ రాకూడదు. ఇక్కడి మనిషి కంట్లోకి వస్తే అడిగే దిక్కు లేదు.

అతను పనిలో చేరిన పదకొండో ఏట ఆ మచ్చ అతని కంట్లోకే వచ్చింది. ఇంట్లో సూదిలోకి దారం ఎక్కించే పని ఎప్పుడూ అతనిదే. ఒకరోజు సూదిని ఆమె చేతికి తిరిగి ఇచ్చేశాడు. తర్వాత కొన్నాళ్ళకి గుమ్మంలో కన్నకూతురు ఎదురొస్తే "ఎవరమ్మా?" అన్నాడు. కుడికన్ను పోయిందనీ, రెండు నెలల్లో ఆపరేషన్ చేస్తే ఎడమకన్ను కొంత నిలుస్తుందనీ కంపెనీ డాక్టరు చెప్పాడు. అయితే ఖర్చు కంపెనీ పెట్టుకోవాలంటే జబ్బు పని వల్లే వచ్చిందని ఆఫీసు కాగితం ఇవ్వాలి. దానికోసం ఆమె కాళ్ళరిగేలా తిరిగింది. అయిదోసారి భర్తను చెయ్యి పట్టుకుని వెంట తీసుకెళ్ళింది.

ఆఫీసరు హాజరుపట్టీ వాళ్ళ ముందుకు తోశాడు.

"చూడమ్మా, మందు చల్లే రోజు తోటలో మనిషి ఉండకూడదని రూలు. మేం రూలు తప్పం. ఆ రోజుల్లో మీ ఆయన సెలవులో ఉన్నాడు."

ఆమె వేలు పెట్టి చూసింది. ప్రతి గురువారానికీ ఎదురుగా సెలవు అని ఒకే చేతిరాత. పేజీ తిప్పినా అదే. ఇంకో ఏడాది పుస్తకంలోనూ అదే.

"మరి జెండా ఎవరు పట్టారు సార్? దానంతటదే నడుచుకుంటూ పోయిందా?"

"గొంతు తగ్గించు."

"తగ్గిస్తా. ఆ గురువారాల్లో ఒక్కరోజైనా ఈయన్ని ఇంట్లో చూసిన మనిషిని పిలిపించండి. ఇక జన్మలో మీ గడప తొక్కను."

ఆఫీసరు సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. అది ముందే టైపు చేసి ఉంది. కింద ఆఫీసరు సంతకం కూడా ఉంది. ఆమె పైకి చదివింది. ఇతనికి పుట్టుకతోనే కంటి జబ్బు ఉందట. కంపెనీ కేవలం దయతో ఆపరేషన్ చేయిస్తోందట. ఇకముందు ఏ ఫిర్యాదూ చేయడట.

"మీ ఆయన కూడా సంతకం పెడితే సోమవారమే ఆస్పత్రి."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "పుట్టుగుడ్డివాడి చేతికి విమానాన్ని ఎలా అప్పజెప్పారు సార్?"

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

"పెట్టేస్తానే," అన్నాడు భర్త మెల్లగా.

"అబద్ధం మీదా?"

"కంటి కోసం. నిజం నీకు తెలుసుగా, అది ఎక్కడికీ పోదు. చూపే పోతుంది."

అతని మీద అరవబోయింది. అప్పటికే అతని వేళ్ళు సంతకం చేసే చోటు కోసం బల్లంతా తడుముతున్నాయి. ఆమె పళ్ళు బిగబట్టి, ఆ వేళ్ళు పట్టుకుని గీత మీద పెట్టింది. సంతకం వంకరపోయి పైనున్న అక్షరాల మీదికి ఎక్కింది. రెండో ప్రతి అడిగి తీసుకుని, మడిచి జాకెట్లో దోపుకుంది. లేవలేదు.

"ఇంకేంటి?"

"ఇంకో కాగితం తియ్యండి. పోయిన నెల కొత్తగా జెండా పట్టడానికి చేరాడే, అతనిక్కూడా ఇప్పుడే రాసిపెట్టండి, పుట్టుగుడ్డి అని. పాపం, అతని పెళ్ళానికి ఈ తిరుగుడు తప్పుతుంది."

"చాల్లే, పోండి."

"రాయరా? అయితే ఇప్పుడే వాళ్ళింటికెళ్ళి నోటితో చెప్తా."

ఆఫీసరు మొదటిసారి తలెత్తి ఆమెను నిదానంగా చూశాడు. "ఆపరేషన్ అయ్యేదాకా నోరు మూసుకుంటే నీకే మంచిది."

"అలాగే సార్. నాకూ ఓ కాగితం రాసుకోండి, పుట్టుమూగ అని. నేను మాత్రం సంతకం పెట్టను."

భర్త చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. ఇంటికి పోయే మలుపు దగ్గర అతను అలవాటుగా అటు తిరగబోతే ఆపి, కొత్తగా చేరినవాడి ఇంటివైపు నడిపించింది.