మెడల్ అంచు మీద పేరు కోసం అశోక్‌నగర్ దాకా

నా కొడుకు శ్రీను పటాలంల పనిచేసిండు. పోయిన ఏడాది వాళ్ల బండి లోయల పడ్డది. పెండ్లి కూడ కాలేదు వానికి. పెట్టెల వచ్చిన సామాన్లల్ల ఒక కడ్డీకి వరుసగ కుట్టిన మూడు మెడల్స్ ఉండె. వాటిని ఫోటో కింద పెట్టుకొని రోజూ తుడుస్తున్న. ఈ నడుమ పక్కూర్ల ఒకరింటికి పోతే వాళ్ల ముత్తాత మెడల్ చూపించిండ్రు. ఎన్నడో రాజుల కాలంల యుద్ధానికి పోయొచ్చినాయన. దాని అంచు చుట్టూ చిన్న చిన్న అక్షరాలతోని ఆయన నంబరు, పేరు ఉన్నయి. ఇంటికొచ్చి శ్రీనువి మూడూ వెలుగుకు పెట్టి తిప్పి తిప్పి చూసిన. ఒక్కదాని మీద కూడ అక్షరం లేదు. ఆ రాత్రి అన్నం పోలేదు. పేరు లేని మెడల్ ఎవనిదైనా కావచ్చు. నేను పోయినంక ఇంట్లవాళ్లు సర్దుతుంటే ఇది శ్రీనుది అని ఎట్ల తెలుస్తది? సంవత్సరీకం వచ్చేలోపల పేరు కొట్టించాల్సిందే అనుకున్న. నాలెక్క బిడ్డను పోగొట్టుకున్నోళ్లు ఎవరన్న ఇదే పని మీద హైదరాబాద్ పోతే పనికొస్తదని రాస్తున్న. ఏడో తరగతి దాకనే చదివిన, తప్పులుంటే మన్నించుండ్రి.

జడ్చర్లల పొద్దుటి పాసింజర్ ఎక్కిన. బస్సుల అయితే ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కాని మోకాళ్ల నొప్పి ఉన్నోళ్లకు రైలే మేలు, ముప్పై రూపాయల లోపల కాళ్లు చాపుకొని పోవచ్చు. కాచిగూడల దిగి బయటికొస్తే ఆటోలు వరుసగ ఉన్నయి. గిన్నెల మీద పేర్లు కొట్టేటాయన నారాయణగూడల ఉన్నడని మా బిడ్డ కవిత చెప్పింది. దాని కాపురం అంబర్‌పేట్ల. ఆటో ఆయన ఎనభై అన్నడు. నేను అరవై అన్న.

"ఏ ఊరమ్మా మీది?"

"జడ్చర్ల."

"మాది నారాయణపేట దిక్కు. మనోళ్లని ఇరవై తగ్గిస్తున్న, కూసోండ్రి. పొద్దుగాల నుంచి అందరు మనోళ్లే దొరుకుతున్నరు, గిట్లయితే నా కిరాయి ఎల్లదు" అన్నడు. బర్కత్‌పుర మీదికెళ్లి పది నిమిషాలల్ల దింపిండు.

స్టీలు సామాన్ల దుకాణాలు పదిన్నర దాటితేగాని తెరవరు. ముందుగ పోతే మెట్ల మీద కూసోవాలె, నేను కూసున్న. పేర్లు కొట్టేటాయనది దుకాణం ముంగట ఒక బల్ల, ఒక మిషన్, అంతే. నా కంటె ముందు ఒకామె గృహప్రవేశానికి పంచనీకి గిన్నెలు తెచ్చింది. ఎవరి పేరు కొట్టాలని ఆయన అడిగిండు.

"మా ఆయన పేరే కొట్టు. తోమేది నేను, పేరు ఆయనది" అన్నదామె. అక్కడున్నోళ్లందరు నవ్విండ్రు. నాక్కూడ నవ్వొచ్చింది. చానా రోజులైంది నేను నవ్వి.

నా వంతు వచ్చినంక కొంగుల కట్టుకున్న మెడల్స్ తీసి బల్ల మీద పెట్టిన. ఆయన మిషన్ ఆపేసిండు. "మీ కొడుకా అమ్మా" అని మెల్లగ అడిగిండు. పేరు ఈ అంచు మీద రావాలె, అక్షరానికి ఎంతైనా ఇస్త అన్న. ఆయన ఒకటి చేతులకు తీసుకొని అంచు చూసిండు. "కొడితే కొడుత. కాని ఇది గిన్నె కాదు, ఒకసారి పడ్డ అక్షరం మళ్ల పోదు. అశోక్‌నగర్ల మూర్తిగారని పెద్దాయన ఉన్నడు, అన్ని దేశాల మెడల్స్ జమ చేస్తడు. పోయినసారి నేనొకదాని మీద పేరు కొట్టినానని ఈ బల్ల ముంగట నిలబడి తిట్టిపోయిండు. ఒక్కసారి ఆయనకు చూపించుండ్రి. సరే అంటే పైసలు లేకుండ కొట్టి ఇస్త" అని అడ్రస్ చెప్పిండు.

నాకు కోపమొచ్చింది. నా కొడుకు పేరుకు ఎవరో పెద్దాయన ఒప్పుకోవాల్నా? అయినా అంత దూరం పోయి ఉత్త చేతులతోని తిరిగి రావద్దని బయలెల్లిన. నారాయణగూడ నుంచి చిక్కడపల్లికి మెట్రోల ఒక్కటే స్టేషను, పది పన్నెండు రూపాయలు. పైకి పోనీకి లిఫ్ట్ ఉన్నది, మెట్లెక్కే పని లేదు. చిక్కడపల్లిల దిగేసరికి ఆకలైంది. సందుల ఒక మెస్సుల భోజనం వంద రూపాయలకు పెట్టిండ్రు, అన్నం ఎంతైనా వేస్తరు. అక్కడ తినేటోళ్లందరు సర్కారు నౌకర్ల పరీక్షలకు చదువుకునే పిల్లలే, పళ్లెం పక్కన పుస్తకం తెరిచి పెట్టుకున్నరు. వడ్డించే ఆమె నన్ను చూసి, "అమ్మా, మీరు గ్రూప్ వన్‌కా, గ్రూప్ టూకా?" అన్నది.

"నాకు జర పప్పు చాలు బిడ్డా, నౌకరి వద్దు" అన్న. ఆమె నవ్వుకుంట రెండు గరిటెలు వేసింది.

అశోక్‌నగర్ అక్కడికి నడిచేంత దూరమే. దారి పొడుగునా హాస్టల్ బోర్డులు, పుస్తకాల బండ్లు, జిరాక్స్ దుకాణాలు. మూర్తిగారి ఇంటి పైన కూడ హాస్టలే, కింద వాళ్లు ఉంటరు. వాళ్లది కోస్తా, తండ్రి కాలంలనే వచ్చి ఇక్కడ స్థిరపడ్డరట. తలుపు తీసింది ఆయన భార్య. సంగతి చెప్పంగనే, "పతకాలా? లోపలికి రండమ్మా. మా ఇంట్లో వెండి కుంకుమభరిణ లేదు గానీ ఆయన బిళ్లలు మాత్రం బీరువా నిండా ఉన్నాయి. ముందు మంచినీళ్లు తాగండి, ఆయన మొదలుపెడితే ఆపరు" అన్నది.

మూర్తిగారు మెడల్ చేతులకు తీసుకొని దాని ముఖం చూడనే చూడలేదు. నేరుగ అంచు మీద భూతద్దం పెట్టిండు. మూడూ అట్లనే చూసి నా దిక్కు తిరిగిండు.

"ఇవి అసలువి కావమ్మా."

నేను లేచి నిలబడ్డ. "నా కొడుకు దొంగ మెడల్స్ పెట్టుకున్నడా సార్?"

"అయ్యో, కాదు కాదు, కూర్చోండి. మీ అబ్బాయి తప్పేమీ లేదు. పతకం మంజూరు అయ్యాక, దాని మీద నంబరూ పేరూ వేసి చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. పరేడ్‌కేమో ఛాతీ మీద ఉండాలి. అందుకని జవాన్లు బజారులో ఇలాంటి నకలు కొని కుట్టించుకుంటారు. అందరూ చేసేదే. మీ అబ్బాయి పేరు వేసిన అసలువి ఇంకా రావాలి."

నాకు అర్థమైనా అర్థం కానట్టే ఉండె. ఆయన బీరువాలకెళ్లి ఒక పెట్టె తెచ్చిండు. ఒకప్పుడు ఇంగ్లండు రాజు కింద ఉన్న దేశాలవట, కామన్వెల్త్ అంటరట. కెనడా, ఆస్ట్రేలియా, మలయా, సిలోన్, మన దేశానివి. సిపాయిలవే కాదు, పోస్టుమ్యాన్‌లకు, పోలీసులకు నౌకరి చేసినందుకు ఇచ్చినవి కూడ ఉన్నయి. చానావాటి అంచు మీద ఒక మనిషి పేరు ఉన్నది. కొన్ని దేశాలల్ల చనిపోయినోని మెడల్ ఇంటోళ్లు ఛాతీకి కుడి దిక్కు పెట్టుకుంటరట, ఎడమ దిక్కు సంపాదించుకున్నోనిదట. పేరు పట్టుకొని ఆ మనుషుల ఇంటోళ్లను వెతుకుడే ఆయన పని. ఒక పోస్టుమ్యాన్ మనవరాలు ముషీరాబాద్‌ల దొరికితే తీసుకపోయి ఇచ్చిండట.

"ఇస్తే ఆవిడ, కరిగిస్తే ఎంతొస్తుందండీ అని అడిగింది" అన్నది ఆయన భార్య లోపలి నుంచి.

"అడిగితే అడిగింది, నా వంతు నేను ఇచ్చాను కదా" అన్నడు ఆయన.

అప్పుడు ఒక మెడల్ నా చేతుల పెట్టిండు. అంచు మీద వేలు పెట్టి జరపమన్నడు. ఒక కాడ గుంతలెక్క తగిలింది. "ఎవరో పాత పేరు ఆకురాయితో గీకేసి, వేరే పేరు కొట్టించారు. గీకేసిన పేరు చదవలేం. కొట్టించిన పేరు నమ్మలేం. ఇప్పుడిది ఎవరిదీ కాదు. మీ నకలు మీద పేరు కొట్టిస్తారనుకోండి. వందేళ్లకి నాలాంటి ముసలాడొకడు భూతద్దం పెట్టి చూస్తాడు. బజారు పతకం మీద బజారు అక్షరాలు, ఇదంతా కల్పితం, ఈ పేరుగలవాడు సిపాయే కాదేమో అని రాసేస్తాడు."

ఆ మెడల్ ఆయన చేతుల పెట్టేసిన. "నా కొడుకు సిపాయి కాదంటడా?"

"అంటాడు. నేనైనా అంటాను. అంచే కదా సాక్ష్యం."

 ఆయన శ్రీను మెడల్స్‌కు కుట్టిన రంగుల పట్టీలు చూసి ఒక్కొక్కటి చెప్పిండు. ఇది ఇన్నేండ్లు నౌకరి చేసినోళ్లకు ఇచ్చేది. ఇది సరిహద్దుల కల్లోలం ఉన్న కాడ పనిచేసినోళ్లకు. మూడోదాని కాడ ఆగిండు. "ఇది చాలా ఎత్తున, మంచుగడ్డల మీద ఉన్నవాళ్లకే. అక్కడ గాలి కూడా సరిగా అందదు. చెప్పలేదా మీకు?"

చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా, ఇక్కడ చలే లేదమ్మా, వంటశాలల డ్యూటీ, పొయ్యి కాడనే కూసుంట అనేటోడు. నేను నమ్మిన. మూర్తిగారి భార్య వచ్చి నా పక్కన కూసున్నది. నాకిచ్చిన ఛాయ్ చల్లారితే మళ్ల వెచ్చ చేసి తెచ్చింది.

"అసలువి ఎట్ల వస్తయి సార్?" అని అడిగిన.

"మీ జిల్లాలో సైనికుల సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. తల్లిగా మీరే అడగాలి. నంబరు, పేరు, ఈ మూడు పతకాల పేర్లు చెబితే వాళ్లు పైకి పంపుతారు. నంబరు గుర్తుందా?"

గుక్క తిప్పుకోకుండ చెప్పిన. ఉత్తరాల మీద ఎన్నిసార్లు రాసిననో. ఆయన మూడు మెడల్స్ పేర్లు కాగితం మీద ఇంగ్లీషుల రాసి, కింద తెలుగుల నేను చదువుకునేటట్టు మళ్ల రాసిండు. "టైం పడుతుందమ్మా. ఏళ్లు కూడా పట్టొచ్చు. విసుక్కోవద్దు" అన్నడు.

"వాళ్లు విసుక్కోవాలె సార్, నేను కాదు. నెలనెలా పోత" అన్న. ఆయన భార్య, "వాళ్లకి మీరే సరైనవాళ్లు" అని నా చెయ్యి పట్టుకున్నది.

సాయంత్రం కాచిగూడకు పోతుంటే కవిత ఫోన్ చేసింది. "పేరు కొట్టించినవా అమ్మా?"

"లేదు."

"ఎందుకు? సంవత్సరీకానికి అందరు వస్తరు గదా. ఎవరు చూస్తరమ్మా అంచు మీద ఎవరు కొట్టిండ్రో?"

"చూసేటోళ్లు ఉన్నరు బిడ్డా. ఖాళీగనే పెడదాం. అడిగినోళ్లకు చెప్త, పేరుతోని ఇంకోటి రావాల్సున్నదని." మూర్తిగారు చెప్పిందంత దానికి చెప్పిన. అంత విని, సైనికుల ఆఫీసుకు పోయినప్పుడు నేను గూడ వస్త అన్నది.

సోమవారం ఇద్దరం పోయినం. అక్కడి అధికారి రాసుకొని, ఆలస్యమైతది అమ్మా, మేమే ఫోన్ చేస్తం అన్నడు. మీరు చేయకున్నా నేను వస్త అని చెప్పొచ్చిన. రెండుసార్లు పోయిన, మళ్ల పోత. సంవత్సరీకం నాడు ఆ మూడింటిని అట్లనే ఫోటో కింద పెట్టినం. మూర్తిగారి లెక్కల అవి నకలే. కాని వాని ఛాతీ మీద ఉన్నవి అవే, వాడు కొని, కుట్టించుకొని, రుద్ది మెరిపిచ్చుకున్నవి. పేరున్నవి వాడు కంటితోని కూడ చూడలేదు. అవి వస్తే నా చేతికే వస్తయి, అందుకే నేను గట్టిగ ఉండాలె. మునుపు ఆ ఖాళీ అంచు చూస్తే నా కొడుకును ఎవరో మరిచిపోయినట్టు అనిపించేది. ఇప్పుడు చూస్తే, పొద్దున లేచి చేయాల్సిన పని ఒకటి ఉన్నదనిపిస్తది.

పోయేటోళ్లకు ఒక్క మాట. మీ ఇంట్ల మెడల్ ఉంటే ముందుగాల అంచు తిప్పి చూసుకోండ్రి. పేరుంటే గీకనియ్యకుండ్రి. లేకుంటే ఎవరితోని కొట్టించకుండ్రి. మీ బిడ్డది ఇంకా రావాల్సి ఉండొచ్చు, పోయి అడుగుండ్రి.