పటాన్‌చెరు పహిల్వాన్ నూరా కుస్తీ

మా సంగారెడ్డిలో ఆ పోస్టరు గోడకెక్కిన రోజే నా ప్రయాణం ఖాయమైంది. "ప్రపంచ కుస్తీ పోటీలు, అనేక దేశాల మహావీరులు" అని పైన పెద్ద అక్షరాలు. కింద, జిగురు సరిగ్గా అంటక ముడుచుకుపోయిన చోట, చిన్న అక్షరాల్లో "మహబూబ్ పహిల్వాన్, పటాన్‌చెరు" అని ఉంది. మహబూబ్ బండలు కొట్టి బతికే మనిషి. పని అయ్యాక తన తాలీంలో, అంటే కుస్తీ నేర్పే మట్టి గోదాలో, ఊరి కుర్రాళ్లకు పట్లు నేర్పుతాడు. అన్ని దేశాల కష్టజీవులూ సమానులేనని నేను కరపత్రాల్లో చదవడమే గాని కళ్లారా చూసింది లేదు. మా వైపు బండలు కొట్టే మనిషి యూరప్ వీరుడి పక్కన సమానంగా నిలబడబోతున్నాడంటే ఇంట్లో కూర్చోవడం నా వల్ల అవుతుందా?

పైగా మంగలి దుకాణంలో ఇంకో మాట విన్నాను. "మహబూబ్‌ది నూరా కుస్తీ అంట" అన్నాడొకాయన. "గీ వయసుల నూరా కుస్తీయా" అని ఇంకొకాయన పెదవి విరిచాడు. ఇక్కడ నా చదువు సంగతి చెప్పుకోవాలి. నాలుగో తరగతిలో తెలుగు మాట్లాడానని పంతులు అరచేతి మీద బెత్తంతో కొడితే, పలక ఆయన ముందే పగలగొట్టి బయటికొచ్చాను. అప్పటినుంచి ఆ బడి భాష, ఉర్దూ, నేర్చుకోనని పంతం. ఇంట్లో వాడుకలో ఉన్న నాలుగు ఉర్దూ ముక్కలు తప్ప నాకు వచ్చిందంతా గ్రంథాలయంలో కూడబలుక్కుని చదివిన తెలుగే. కాబట్టి నూరా కుస్తీ అంటే నూరో కుస్తీ అనుకున్నాను. నూరు కుస్తీలు నిండుతున్న మనిషిని చూసి పెదవి విరుస్తారా అని ఆ ఇద్దరితోనూ కాసేపు పోట్లాడాను. వాళ్లు నన్ను వింతగా చూసి ఊరుకున్నారు. బయటికొచ్చి బంతిపూల దండ ఒకటి కట్టించుకుని, ఉపన్యాసం ఒకటి బట్టీ పట్టి, పోటీలు జరిగేది పట్నంలోనే అయినా ముందు ఆయన ఊళ్లోనే దండ వేయాలని, ఆ రోజు ఉదయం ఏడింటి సర్కారు బస్సెక్కాను.

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరుకు పది అణాలు. గంటకు పైనే పడుతుంది, సీతాఫలాల రోజుల్లో ఇంకా ఎక్కువ. కంది దాటి బొంబాయి రోడ్డు మీద సాగుతుంటే రెండు పక్కలా ఎత్తుగా జొన్నచేలు, మధ్య మధ్య ఆముదపు చెలకలు. రుద్రారం దగ్గర ఆడవాళ్లు గంపలతో ఎక్కారు. లోపలి సీట్ల కింద, నా కాళ్ల మధ్య, అన్నీ సీతాఫలాలే. నా దండ నలిగిపోతుందని డ్రైవరు యాదగిరి గమనించి, తన పక్కనున్న ఇంజను పెట్టె మీద గోనెసంచి పరిచి నన్ను అక్కడ కూర్చోమన్నాడు. కూర్చున్నచోట వేడి తగిలినా ఆ మర్యాద మరచిపోలేను. దండ ఎవరికని అడిగాడు. మహబూబ్ పహిల్వాన్ నూరా కుస్తీకి అన్నాను. యాదగిరి స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు. ఎదురుగా గొర్రెల మంద రాకపోతే ఇంకా నవ్వేవాడే.

"గీ మాట ఆయన ముంగటనే అంటవా తమ్మీ?"

"ఆయన ముంగటనే అంట. నలుగురిట్ల నిలబడి అంట."

"అను. అని, పండ్లు మిగిల్తె మల్ల నా బస్సుకే రా. కిరాయి గూడ తీసుకోను."

కుస్తీవాళ్ల ఇంటికెళ్తే పండ్లు పెడతారు గాబోలు, అవి నాలుగు మిగిల్చి తెమ్మంటున్నాడు గాబోలు అనుకున్నాను. ఆయన అన్నది నా నోట్లోని పండ్ల గురించని తర్వాత గాని తెలియలేదు.

ముత్తంగి దాటి పటాన్‌చెరులో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. బస్సులు ఆగే చోట రొట్టెలు కాల్చే నర్సవ్వ పొయ్యి ఉంటుంది. ఈ దారిన పోయేవారు అక్కడ ఆగకుండా పోవద్దు. అప్పటికప్పుడు చేత్తో తట్టి కాల్చిన జొన్నరొట్టె, మీద పచ్చిమిరప తొక్కు, అణాకు కడుపు నిండుతుంది. నేను ఆకలితో తినడం చూసి రెండో రొట్టె తనే వేసింది, దానికి డబ్బు తీసుకోలేదు. పహిల్వాన్ తాలీం ఎక్కడని అడిగితే దారి చెబుతూనే, ఆయన మనసు ఇప్పుడు మనసులో లేదని, పట్నం నుంచి మోటారు కారులో ఎవరో వచ్చి పోయినప్పటి నుంచి తన దగ్గర రొట్టె కూడా సగమే తిని లేస్తున్నాడని చెప్పింది. పేరు వచ్చేముందు మనుషులు అలాగే అవుతారని నేను సమాధానం చెప్పాను. ఆమె ఇంకో రొట్టె తట్టడం మొదలుపెట్టింది.

తాలీం అంటే నాలుగు మట్టిగోడలు, మీద రేకులు, మధ్యలో నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా తవ్విన ఎర్రమన్ను. పదిమంది దాకా కుర్రాళ్లు దండీలు తీస్తున్నారు. మహబూబ్ ఒక మూల గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, మెడ భుజాల్లో కలిసిపోయింది, చెవులు రెండూ నలిగి మూసుకుపోయాయి. నేను తిన్నగా పోయి దండ వేసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. మహాశయులారా, ఈ బండరాళ్ల మధ్య పుట్టిన కార్మిక వీరుడు నేడు ప్రపంచ వేదిక మీద నూరా కుస్తీ చేయబోతున్నాడు, ఇది మన తాలూకాకే గర్వకారణం, రాబోయే తరాలు ఈ నూరా కుస్తీని ఆదర్శంగా తీసుకోవాలి అన్నాను. దండీలు ఆగిపోయాయి. చప్పట్లు ఆలస్యమవుతున్నాయని ఇంకోసారి, ఇంకా గట్టిగా, నూరా కుస్తీ అన్నాను.

ఒక కుర్రాడు లేచి నా కాలరు పట్టుకున్నాడు. ఇంకొకడు తలుపు మూశాడు. మహబూబ్ మాత్రం దండను చేత్తో పట్టుకుని నన్నే చూస్తూ, నిన్నెవరు పంపారని అడిగాడు. ఎవరూ పంపలేదు, నూరు కుస్తీలు నిండుతున్నాయని విని వచ్చానన్నాను. ఆయన కడుపు కదిలేలా నవ్వాడు. నా కాలరు పట్టుకున్న చెయ్యి కూడా వదులైంది.

"నూరా అంటె నూరు గాదు బేటా. ఇద్దరు ముందుగాల్నే మాట్లాడుకొని, ఒకడు పడుడు, ఒకడు పడగొట్టుడు. సూసెటోళ్లకు తమాషా. గదాన్ని నూరా కుస్తీ అంటరు."

మీది అలాంటిది కాదని అనండి ఉస్తాద్ అన్నాను. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. కారులో వచ్చినాయన ఆ పోటీలు నడిపే ఏజెంటు. రెండో విడతలో యూరప్ వీరుడి కింద పడిపోవాలి, అలా పడితే ఆ జట్టుతో బొంబాయి, కొలంబో తిప్పుతానన్నాడు. సరేనని మహబూబ్ మాట ఇచ్చేశాడు. ఇంకెన్నాళ్లు బండలు కొట్టగలను, మోకాళ్లు పోతున్నాయి, ఈ కుర్రాళ్లకైనా బయటి దారి కనబడుతుందనుకున్నానని నెమ్మదిగా చెప్పాడు. నేను వినే స్థితిలో లేను. టిక్కెట్టు కొని వచ్చే వేలమంది కూలీల కళ్లలో దుమ్ము కొట్టడం దోపిడీ అన్నాను, మోసమన్నాను, కరపత్రంలో ఎక్కడెక్కడి మాటలున్నాయో అన్నీ అన్నాను. ఇచ్చిన మాట తప్పమంటావా అని ఆయన అడిగాడు. దొంగమాటకు కట్టుబడడం కూడా ఒక గొప్పేనా అని అరిచాను. కుర్రాళ్లు ఆయన వంక చూశారు. నా వంక కాదు. అది నేను ఆ రోజంతా మరచిపోలేదు.

మహబూబ్ దండ తీసి గోడకు కొట్టిన మేకుకు తగిలించాడు. గోదాలోంచి గుప్పెడు మన్ను తీసి రుమాలులో మూట కట్టాడు. తన సంచీ నా భుజాన వేసి, "నడువ్. వచ్చినవ్ గదా, ఆఖరిదాంక సూడు" అన్నాడు. ఏం చేయబోతున్నాడో చెప్పలేదు.

పటాన్‌చెరు నుంచి పట్నానికి మధ్యాహ్నం బస్సు ఒంటిగంట దాటాక వస్తుంది. లింగంపల్లి, కూకట్‌పల్లి మీదుగా పోయి మమ్మల్ని దించేసరికి మూడు అయింది. బస్సులో ఆయన రెండు సీట్ల స్థలంలో ఒదిగి కూర్చుని నిద్రపోయాడు. నేను కోపంతో ఆయన సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పోటీల మైదానం చుట్టూ గుడ్డ కనాతులు, లోపల నాలుగు పక్కలా తాళ్లు కట్టిన ఎత్తైన బల్ల, దాని మీద పరుపు. కుర్చీలకు ఒక ధర, నేల మీద కూర్చోవడానికి ఆరణాలు. డేరా వెనక యూరప్ వీరుడు చాయ్‌వాడిని పిలిచి, ఇంకొంచెం పంచదార వెయ్యమని హిందుస్తానీలో బతిమాలుతున్నాడు. ఆ మనిషి నిజంగా ఏ దేశంవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మహబూబ్ ముందు ఏజెంటు దగ్గరికి పోయాడు. ఇచ్చిన మాట వాపసు తీసుకుంటున్నానని, దొంగచాటుగా కాకుండా మొహం మీద చెబుతున్నానని అన్నాడు. ఏజెంటు మండిపడ్డాడు, బొంబాయి లేదు, కొలంబో లేదు, ఎముకలు విరిగితే నా పూచీ లేదు అన్నాడు. కానీ బయట జనం నిండిపోయారు, పేరు పోస్టరెక్కిపోయింది, ఆపలేకపోయాడు. తర్వాత మహబూబ్ యూరప్ వీరుడి దగ్గరికి నడిచాడు. రుమాలు విప్పి చిటికెడు మన్ను అతని అరచేతిలో పెట్టాడు. మా వైపు గోదాల్లో అదొక ఆచారం. మన్ను ఇచ్చాడంటే ఇక పోరు నిజం, ఎవరి వీపు నేలకు తగిలితే వాడు ఓడినట్టే. అతను మన్ను వంక చూశాడు, మహబూబ్ వంక చూశాడు, చాయ్ గ్లాసు పక్కన పెట్టి ఆ మన్ను తన భుజానికి రాసుకున్నాడు. అంతవరకు నాకు వాడంటే ఉన్న అసహ్యం అక్కడ సగం పోయింది.

వీళ్లకు ముందు జరిగిన జోడీలు చూడాలి. గాలిలో ఎగిరి తన్నుకోవడం, తాళ్ల మీదనుంచి దూకడం, కిందపడి గిలగిలా కొట్టుకోవడం, జనం ఈలలు, చప్పట్లు. ఆ తర్వాత మా వాళ్లిద్దరూ ఎక్కారు. నుదురూ నుదురూ ఆనించి, మెడలు పట్టుకుని, కదలకుండా నిలబడ్డారు. ఊపిరి చప్పుడు నాకు కింద వినబడుతోంది. ఒకసారి మహబూబ్ కాలు వేసి అతన్ని మోకాళ్ల మీదికి దించాడు. నేను లేచి అరిచాను. కానీ అతను ఒడుపుగా తిరిగాడు. బరువు కూడా వాడిదే ఎక్కువ. మళ్లీ మెడలు, మళ్లీ ఊపిరి. జనానికి విసుగు పుట్టింది. కుర్చీల వైపు నుంచి ఎవరో "నూరా" అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. కాసేపట్లో మైదానమంతా నూరా, నూరా అని ఒకటే కేకలు. పల్లీ పొట్టు, సీతాఫలం తొక్కలు వచ్చి పరుపు మీద పడ్డాయి. ఆ కేకల మధ్యనే అతని మెడపట్టు కింద మహబూబ్ ఎడమ భుజం వంగింది, తర్వాత కుడిది. రెండూ పరుపుకు తగిలాయి. ఓడిపోయాడు.

నా పక్కన ఈల వేస్తున్న పెద్దమనిషి చొక్కా పట్టుకున్నాను. ఇది నిజమైన కుస్తీ, ఇందాకటివన్నీ నూరా అని గొంతు పోయేలా చెప్పాను. ఎవరు నమ్ముతారు? మమ్మల్ని విడదీయడానికి నలుగురు రావలసి వచ్చింది. పైన యూరప్ వీరుడు మహబూబ్‌కు చెయ్యి అందించి లేపాడు. ఆ చెయ్యి వెంటనే వదల్లేదు, తన భాషలో ఏదో అన్నాడు. జనం దానికీ నవ్వారు.

డేరా వెనక మహబూబ్ మెడకు తడిగుడ్డ వేసుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నేను నోరు పారేసుకోకపోతే ఈయన చప్పట్ల మధ్య ఓడి, బొంబాయి బండెక్కేవాడు గదా అనిపించింది. ఆ మాటే అన్నాను. ఇంతమందీ మిమ్మల్ని దొంగ అంటున్నారు ఉస్తాద్ అన్నాను.

"అననీ బేటా. పడ్డది నిజంగ పడ్డనా లేదా, నా వీపుకు ఎరుకే. రేపు పొద్దుగాల పోరగాండ్లకు గా మెడపట్టు నేర్పాలె. మస్తు పట్టు గది."

ఆ సాయంత్రం ఆరున్నర బస్సులో ఆయన పటాన్‌చెరులో దిగిపోయాడు, నేను సంగారెడ్డికి వచ్చేశాను. న్యాయం అంటే గెలుపని, గెలుపంటే చప్పట్లని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజంగా జరిగిన ఒక్క పోటీనే అన్ని వేలమంది అబద్ధమన్నారు, అయినా ఆ మనిషి తెల్లారి కుర్రాళ్లకు పాఠం చెప్పడానికి ఆత్రపడుతూ బస్సు దిగాడు. కోపం నాకు తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. కానీ ఆ రోజు నా చుట్టూ ఉన్నవారిని తలుచుకుంటే కృతజ్ఞతతో మనసు నిండుతుంది. పూలు నలగకుండా చోటిచ్చిన యాదగిరికి, అడగకుండా రెండో రొట్టె వేసిన నర్సవ్వకు, ఏ దేశంవాడైతేనేం, ఆ చిటికెడు మన్నును భుజాన రాసుకున్నవాడికి, తన తాలీంలో తనను దొంగ అన్నవాణ్ణి తన్నకుండా వెంట తీసుకుపోయిన ఉస్తాద్‌కు నేను రుణపడ్డాను.

మీరు ఇలాంటి పోటీలు చూడబోతే ఒక్క మాట గుర్తుంచుకోండి. కుర్చీ టిక్కెట్టు కొనకండి, నేల టిక్కెట్టు తీసుకుని బల్లకు పక్కగా, పరుపు మట్టానికి కళ్లు వచ్చేచోట కూర్చోండి. కుర్చీల్లోంచి మొహాలు బాగా కనబడతాయి, భుజం పరుపుకు తగిలిందో లేదో మాత్రం నేల మీదనుంచే తెలుస్తుంది.