లేని పుట్టుమచ్చ

మొన్న పింఛను కోసం బతికే ఉన్నానని రుజువు చూపించుకోవడానికి బ్యాంకుకు వెళితే, అక్కడి వేలిముద్రల యంత్రం నేను నేను కాదని తేల్చేసింది. కుడి బొటనవేలు పెట్టాను, ఎడమది పెట్టాను, రుమాలుతో తుడుచుకుని మళ్లీ పెట్టాను. కౌంటరులో ఉన్న అమ్మాయి పాపం ఓపికగా పది వేళ్లూ పెట్టించింది గానీ, ఈ వయసుకు గీతలు అరిగిపోయాయట, ఒక్కటీ పలకలేదు. కళ్లు చూసి గుర్తుపట్టే ఇంకో యంత్రం సోమవారం వస్తుందనీ, ఈలోగా పని కావాలంటే మిమ్మల్ని బాగా ఎరిగిన మనిషినొకరిని వెంటబెట్టుకు రండి తాతగారూ అనీ చెప్పింది. సరేనని గోడవారన ఉన్న బల్ల మీద కూర్చుని, ఎవరిని తీసుకురావాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఎదురుగా గోడ మీద, మీ వివరాలు ఎవరికీ చెప్పకండి అని పెద్ద అక్షరాల బోర్డు ఉంది. చెబుదామన్నా వినేవాళ్లెవరున్నారు నాయనా అని నవ్వొచ్చింది.

మా ఆవిడ పోయి మూడేళ్లయింది. మాకు పిల్లలు లేరు. మధురవాడలో నేనుండే అపార్ట్‌మెంటులో అందరూ మంచివాళ్లే, లిఫ్టులో కనబడితే ఫోర్ నాట్ టూ అంకుల్ అని నవ్వుతూ పలకరిస్తారు, అంతకుమించి వాళ్లకు నా పేరు తెలియదు, నాకూ వాళ్ల పేర్లు తెలియవు. అలా ఒక్కొక్క ముఖమే తలచుకుంటూ కూర్చుంటే, నలభై ఏళ్ల పైచిలుకు కిందట ఇలాంటి బల్ల ముందే నిలబడి, నేను నేనేనని చెప్పే మనిషి కోసం వెతుక్కున్న ఇంకో రోజు గుర్తొచ్చింది.

నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, మన కాలంలో మనిషికి గుర్తింపంటే ఎస్సెస్సెల్సీ పుస్తకంలో రాసిన రెండు పుట్టుమచ్చలే. ఫొటో లేదు, వేలిముద్ర లేదు. పదో తరగతిలో మాస్టారు ఒక్కొక్కణ్ణే బల్ల దగ్గరికి పిలిచి, చొక్కా కాలరు లాగి, చేతులు తిప్పి, మచ్చలు వెతికి రాసేవారు. నాకు ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. మచ్చలేని పిల్లాడని మా అమ్మ మురిసిపోయేది గానీ, మాస్టారికి మాత్రం విసుగొచ్చింది, అవతల బడి గంట కొట్టేస్తున్నారాయె. హాజరుపట్టీలో నా ముందున్నవాడికి రాసినవే నాకూ రాసి పారేశారు: ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, కుడి మోకాలి మీద గాయపు మచ్చ. దానివల్ల ఒకనాడు నా బతుకు తలకిందులవుతుందని ఆయనకేం తెలుసు, నాకేం తెలుసు.

ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలవుతున్న రోజుల్లో గోదావరి అవతలి మా ఊరి నుంచి విశాఖపట్నం వచ్చాను. వన్ టౌనులో ఒక ఇరుకు సందులో గది, ఆ సందు మొదట్లోనే మెస్సు. ఆ మెస్సు నడిపే పెద్దావిడను ఈ పక్కవాళ్లందరూ అప్పా అని పిలిచేవాళ్లు, అంటే అక్క అన్నమాట. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడతో ఆ పిలుపు, మారు వడ్డించమంటే ఓ మాట, అంతే నా సంభాషణంతా. రేవు దగ్గర ఓడలకు సరుకులెత్తించే ఒక ప్రైవేటు కంపెనీలో టైమ్‌కీపరు ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, మార్కులు చూసి, అసలు కాగితాలు పట్టుకుని ఫలానా రోజున వచ్చి చేరమని ఉత్తరం పంపారు. నా కాళ్లు నేల మీద లేవు. కానీ ఆ సంతోషం చెప్పుకోవడానికి నాకా ఊళ్లో ఒక్క మనిషీ లేడు. ఇంటికి ఉత్తరం రాశాను, అది చేరడానికి నాలుగు రోజులు.

చేరడానికి ముందు గుణగణాల సర్టిఫికెట్టు మీద గెజిటెడ్ ఆఫీసరు పచ్చ సిరా సంతకం కావాలి. మా నాన్నగారికి దూరపు పరిచయమున్న పశువుల డాక్టరొకాయన గాజువాకలో ఉంటే వెళ్లాను. ఈ కుర్రవాణ్ణి మూడేళ్లుగా స్వయంగా ఎరుగుదునని ఆయన రాసి సంతకం పెట్టారు. నన్ను చూసింది మూడు నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటకిటలాడుతోంది. జేబుదొంగలుంటారని అమ్మ నా చొక్కాకు లోపల జేబు కుట్టి పిన్నీసు పెట్టి పంపింది, ఒక చెయ్యి ఆ జేబు మీద వేసుకుని, రెండో చేత్తో కడ్డీ పట్టుకుని, చంకలో కాగితాల సంచితో వేలాడుతున్నాను. సీట్లో కూర్చున్నవాళ్లు నిలబడ్డవాళ్ల సంచులు ఒళ్లో పెట్టుకోవడం అప్పటి మర్యాద. నా వయసు కుర్రాడొకడు తలెత్తి చూసి, “సంచి ఇలాగియ్యి బావా, నాకేటి బరువు” అన్నాడు.

ఈ ప్రాంతంలో మగవాళ్లు ముక్కూమొహం తెలియనివాణ్ణి కూడా బావా అంటారని నాకప్పటికి తెలియదు. మా వైపు ఆ పిలుపుకు వరస ఉండాలి. వైజాగు వచ్చిన మూడు నెలల్లో నన్ను వరస కలిపి పిలిచిన మొదటి మనిషి అతనే, నిజం చెబుతున్నాను. సంచి ఇచ్చేశాను. ఇచ్చి ఊరుకున్నానా, ఉద్యోగం సంగతి, కంపెనీ పేరు, మా ఊరు, మా నాన్నగారి పేరు, చెల్లెలి పెళ్లి నా ఉద్యోగంతో ముడిపడి ఉన్న సంగతి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. అతను తలాడిస్తూ శ్రద్ధగా విన్నాడు. అంత శ్రద్ధగా నా మాట ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. కాన్వెంట్ జంక్షన్ దగ్గర జనం ఒక్కసారిగా దిగారు, తోపులాటలో నేను వెనక్కి వెళ్లిపోయాను, తిరిగి చూస్తే ఆ సీట్లో ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు. లోపల జేబుకు పిన్నీసు మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.

సంచి కోసం మూడు రోజులు బస్సుల వెంటా, డిపోల వెంటా పిచ్చివాడిలా తిరిగాను. పోలీస్ స్టేషను మెట్లెక్కితే పరువు పోతుందని మా ఇళ్లలో నూరిపోసిన భయం ఒకటి, దానివల్ల ఫిర్యాదు ఇవ్వలేదు. ఈ మాట ఇప్పటివాళ్లకు ఎందుకు చెబుతున్నానంటే, పోయిన వెంటనే పోయిందని నలుగురికీ చెప్పుకోవడమే సగం రక్ష. చేరవలసిన రోజున వట్టి చేతులతో ఆఫీసుకు వెళ్లాను. లోపల బల్ల మీద, నా సంచి ఒళ్లో పెట్టుకుని, నా పేరుతో అతను కూర్చుని ఉన్నాడు.

ఆఫీసరుగారు ఇద్దర్నీ నిలబెట్టి అడిగారు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, చదివిన బడి, అతను తడుముకోకుండా చెప్పాడు. నేను దుఃఖంతో నత్తినత్తిగా చెప్పాను. సంతకం పెట్టించారు. కంగారులో నేను పెట్టినదానికంటే అతను పెట్టిందే నా సంతకంలా ఉంది. ఆఖరికి ఎస్సెస్సెల్సీ పుస్తకం తెరిచి మచ్చలు చూశారు. అతని ఎడమ చెంప మీద మినపగింజంత నల్లటి మచ్చ ఉంది! నాది అద్దంలాంటి చెంప. మోకాలి గాయాలంటారా, అవి ఎవరికి లేవు. మాస్టారి సంగతి చెబితే ఆఫీసరుగారు నవ్వారు. అయినా పెద్దమనిషి, గంట వ్యవధి ఇచ్చి, మిమ్మల్ని ఎరిగినవాళ్లను ఎవరినైనా తెచ్చుకోండి అన్నారు. నావాళ్లంతా ఊళ్లో ఉన్నారండీ అన్నాడతను. అదీ బస్సులో నేను చెప్పిన నా మాటే. చెల్లెలి పెళ్లి, నాన్నగారి ముఖం, అన్నీ కళ్లముందు తిరుగుతుంటే మెస్సుకు పరుగెత్తాను.

పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా అప్ప గరిటె పనమ్మాయి చేతికిచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని నా వెంట వచ్చేసింది. ఇతని పేరేమిటని ఆఫీసరుగారు అడిగారు. “పేరేటో నాకు తెల్దు బాబూ, గోదారి బాబంతాం” అంది. అంతటితో ఆవిడ ఆగలేదు. “మూడు నెల్ల నుంచి రెండు పూట్లా నాను అన్నం పెడతన్నాను, నాకు తెల్దేటి? కరేపాకంతా ఏరి కంచం అంచున వరసగా పేరస్తాడు. ఇంటికాడ్నించి ఉత్తరం రాని నాడు మజ్జిగ ముట్టడు. ఈ బాబు ఒకరిది తీసీవోడు కాడు.”

నా బతుకులో ఎవరూ నా గురించి అంత మాట చెప్పలేదు. నేను మజ్జిగ ముట్టని రోజులు ఒకరు లెక్కలోకి తీసుకున్నారని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. కానీ పేరు తెలియని సాక్ష్యం ఆఫీసుకు పనికిరాదు కదా, ఆఫీసరుగారు పెదవి విరిచారు. వెళ్లబోతూ ఆవిడ అతని ముఖంలోకి వంగి చూసింది. “ఏటి నాయనా, పుట్టుమచ్చకి బొబ్బ లేత్తాదేటి?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి చెంప మీదికి వెళ్లింది. చాకళ్లు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి రసంతో పొడిచిన మచ్చ అది. అంత సులువుగా పోదు గానీ ఒంటికి తగిలితే పొక్కుతుంది. దగ్గరగా చూస్తే చుట్టూ ఎర్రగా వాచి, నీరు చేరి ఉంది. అతను సంచి తీసి బల్ల మీద పెట్టి తల దించుకున్నాడు. ఆఫీసరుగారు గద్దిస్తే, ఆరు నెలలుగా పని కోసం తిరుగుతున్నాననీ, ఈ ఊళ్లో తనకెవరూ లేరనీ అన్నాడు. అది మటుకు నా మాట కాదు, అతనిదే. వాచ్‌మను రెక్క పట్టుకుని తీసుకుపోతుంటే అప్ప వెనకనుంచి కేకేసింది. “కొబ్బరినూని రాయి నాయనా, నేకపోతే మచ్చ ఉండిపోద్ది!”

ఉద్యోగం నాకు వచ్చింది, చెల్లెలి పెళ్లయింది. పుస్తకంలో మచ్చలు దిద్దించడమంటే ఎక్కే గుమ్మం దిగే గుమ్మం, అందుకని ఆ లేని మచ్చతోనే ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను, పింఛను కాగితాల్లో ఇప్పటికీ అదే ఉంది. అప్ప పోయి చాలా కాలమైంది, మెస్సు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం. బస్సులో ఇప్పుడెవరూ ఎవరి సంచీ అడగరు, అడిగినా ఇవ్వకూడదు, నేనూ ఇవ్వను. నా కార్డుకు నాలుగంకెల తాళం ఉంది, ఫోనుకు ఒకటి, తలుపుకు రెండు. నా పేరు ఎత్తుకుపోవడం ఇవాళ ఎవరి తరమూ కాదు. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లూ లేరు.

బ్యాంకు మూసే వేళయింది, అమ్మాయి నావైపు చూసి, ఎవరైనా గుర్తొచ్చారా తాతగారూ అంది. గుర్తొచ్చాడు. మా నాన్నగారి పేరు, నా పుట్టిన తేదీ, నేను చదివిన బడి, ఆఖరికి నాకు లేని మచ్చతో సహా కంఠతా వచ్చిన మనిషి ఈ ఊళ్లో ఒకే ఒక్కడు ఉండేవాడు. ఈ ఊళ్లో ఎవరూ లేక ఆరోజు బల్ల మీద అతను కూర్చున్నట్టే ఇవాళ నేను కూర్చున్నానమ్మా అని ఆ పిల్లకేం చెప్పను? అతను ఎక్కడున్నాడో, అసలున్నాడో లేదో, కొబ్బరినూనె రాసుకున్నాడో లేదో. సోమవారం వస్తానమ్మా అని చెప్పి లేచాను గానీ, గుమ్మం దాటేటప్పుడు, ఎడమ చెంప మీద మచ్చ ఉన్న ముసలాయనొకడు ఎదురొచ్చి బావా అని పిలిస్తే బాగుండునని ఒక్క క్షణం ఆగాను.